వందలో ఐదో మనిషి

"తలుపు తియ్ చెల్లె. పదకొండింటికి హెడ్డాఫీసు మేడం మా ఆఫీసుకొస్తది. నువ్వొచ్చి ఒక్క గంట కూసుంటే చాలు. ఒక్క గంట."

నా భర్త జగదీశ్ తలుపుకు నుదురు ఆనించి మాట్లాడుతున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఇదే వరస. లోపల గడియ పెట్టుకున్న ఆడబిడ్డ సంతోషి ఉలకదు, పలకదు. నేను పెట్టిన ఉప్మా గడప దగ్గరే గట్టిపడింది.

నిన్న పోస్టులో వచ్చిన కవరు ఇంకా టీవీ పక్కనే ఉంది. అందులోని అట్ట మీద సంతోషి ఫొటో, దాని కింద, మా సంస్థలో రెండేళ్లు పూర్తి చేసుకున్నందుకు అభినందనలు అని అచ్చు. సంతోషి ఆ సంస్థ గేటు కూడా చూడలేదు. పని చేయని చోట రెండేళ్లు పూర్తి చేసిన మనిషి మా ఊరు సాతంరాయి మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

"దానికేం చెప్తవ్‌రా, గుంజి తియ్ తలుపు," అన్నాడు మామ కుర్మయ్య కుర్చీలోంచి. "ఎవ్వల కొంపన్న ముంచినమా? ఎవ్వలిదన్న దొంగతనం చేసినమా? పేరే గద రాసింది. పేరుకేమన్న అరుగుడున్నదా?"

గడియ చప్పుడైంది. మామ నోరు మూసుకున్నాడు.

సంతోషి చంకకర్రల మీద బయటికొచ్చి మంచం అంచున కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ ఆమె కాళ్లకు బలం లేదు. ఆ లోటంతా దేవుడు ఆమె నోటికిచ్చాడని మామ అంటుంటాడు. ఇవాళ ఆ నోరు కూడా మెల్లగానే తెరుచుకుంది. చేతిలో ఫోన్ ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, ఒక్కటి అడుగుత, చెప్తవా?"

"అడుగు చెల్లె."

"జర్మనీల ఇరవై మంది, అంతకన్న ఎక్కువున్న కంపెనీలల్ల వందకు ఐదుగురు నా అసొంటోళ్లు ఉండాల్నంట. లేకుంటే సర్కారుకు పైసలు కట్టాల్నంట. నిజమేనా?"

"నిజమే."

"జపాన్ల గుడ గంతేనంట. వందకు రెండున్నర మంది."

"ఆ సగం మనిషేందే?" అన్నాడు మామ.

"నా అసొంటిదే బాపు," అంది సంతోషి. మామ తల దించుకున్నాడు. "మన దగ్గర సర్కారు కొలువులల్ల వందకు నాలుగు. మరి ప్రైవేటుల ఎంత అన్నా?"

"ప్రైవేటుల కంపల్సరీ లేదు. పెట్టుకోవాల్నని ఎవ్వలు అడగరు."

"ఎవ్వలు అడగని కాడ నా పేరెందుకు రాసినవ్?"

జగదీశ్ గోడకు ఒరిగాడు. ఎయిర్‌పోర్టు పక్కన సరుకు గోదాంలో మనుషుల్ని పనిలో పెట్టుకునే సెక్షన్‌లో ఉంటాడు ఆయన. మందికి ఉద్యోగాల ముచ్చట గడగడా చెప్పే మనిషి, చెల్లెలి ముందు మాటలు ఏరుకుంటున్నాడు.

"హెడ్డాఫీసు జర్మనీల ఉన్నది గద. మా దేశంల ఎట్లనో, మా గోదాం ఏ దేశంలున్నా గట్లనే ఉండాలని వాళ్లు రూలు పెట్టిన్రు. మా రామచంద్రయ్య సారు పరేషానైండు. జగదీశ్, ఎనిమిది పేర్లు తే, నిన్ను పర్మనెంట్ చేపిస్త అన్నడు."

"మనుషుల్ని తెమ్మన్నడా, పేర్లు తెమ్మన్నడా?"

బెంగుళూరు రోడ్డు మీద లారీలు పోతున్న మోత ఇంట్లోకి వస్తోంది.

"ఆడ పెట్టుకోకుంటే జుర్మానా కట్టి, మేం పెట్టుకోలేదని ఒప్పుకుంటరు అన్నా. నువ్వు గది గుడ ఒప్పుకోవైతివి. ఆ దేశపు లెక్కల నేను ఉన్న. ఈ దేశపు పనిల నేను లేను. మరి నేను యాడున్న? ఈ అర్రల ఉన్న."

"చెల్లె..."

"ఆ కాగితాలు నీకు ఇచ్చింది నేనే గద? నా కాళ్ల సదరం సర్టిఫికెట్, ఇంటర్ మెమో, కంప్యూటర్ కోర్సుది, నాలుగు ఫొటోలు. నా చేతుల తోని కవర్ల పెట్టి ఇచ్చిన. అన్నా, మీ తాన ఏదన్న పని చూడు, కూసోని చేసేది ఏదైనా చేస్త అన్న. నెల దినాలకు నువ్వేమన్నవ్? మా తాన నీ అసొంటోళ్లకు పని లేదు చెల్లె, ఆశ పెట్టుకోకు అన్నవ్."

జగదీశ్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆమె ఉద్యోగం కోసం ఇచ్చిన కాగితాలనే పెట్టి, ఆమె లేకుండానే ఆమెకు ఉద్యోగం ఇచ్చిన అన్న ఆయన. పెళ్లయిన ఏడేళ్లలో ఆయన్ను చూసి నాకు కోపం వచ్చింది, జాలి వేసింది, నవ్వొచ్చింది. సిగ్గు వేయడం నిన్నటి నుంచే మొదలైంది. ఆ సిగ్గులో నా వాటా ఎంతో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. సంతోషికి ఇంకా తెలియదు.

"జీతం?" అంది సంతోషి.

ఈసారి నేను తల దించుకున్నాను. ఆమె పేరిట తీసిన ఖాతా కార్డు నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఆ జీతంతోనే నిరుడు ఇంటి ముందు కొత్తగా నాలుగు మెట్లు కట్టించాం. నల్ల గ్రానైటు, అద్దంలా ముఖం కనబడుతుంది. వాన పడితే మామకే కాలు జారుతుంది. కట్టించినప్పుడు సంతోషి ఒకే మాట అడిగింది, పక్కన జర వాలు పెట్టిస్తే నాకు దిగనీకె అల్కగ ఉంటది గద అని. ఇంటి ముందర అందం పోతుందన్నాను. ఆ మాట అన్నది నేనే. మరొకరి మీదికి నెట్టడానికి లేదు.

"ఎవ్వలేం మాట్లాడరేంది?" అంది.

అప్పుడే జగదీశ్ ఫోన్ మోగింది. అటు రామచంద్రయ్య గారి గొంతు మా అందరికీ వినపడేంత గట్టిగా ఉంది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన మార్టా మేడం ప్రోగ్రాం మార్చిందట. గోదాంలో కాదు, ముందు సంతోషి ఇంటికే పోతానందట. మనిషి ఇంటి నుంచి పనికి ఎట్లా వస్తుందో చూడకపోతే ఆ ఉద్యోగం సంగతి తెలియదని ఆమె అంటుందట. కారు శంషాబాద్ దాటిందట.

"సార్, చెల్లె ఇంక ఒప్పుకోలే సార్..."

"ఒప్పియ్యి! లేకుంటే నీది పోతది, నాది పోతది!"

ఫోన్ కట్టయింది.

జగదీశ్ వచ్చి చెల్లెలి ముందు నేల మీద కూర్చున్నాడు. కాళ్లు పట్టుకోబోతే ఆమె కర్ర అడ్డం పెట్టింది.

"నా నౌకరి పోతే మనందరం రోడ్డు మీద పడ్తం చెల్లె. తప్పు చేసిన. ఈ ఒక్క పూట గట్టెక్కియ్యి. తర్వాత నువ్వు చెప్పినట్టే వింట."

సంతోషి కర్ర పక్కన పెట్టింది.

"అబద్ధం నేను చెప్ప," అంది చివరికి. "ఆమె అడిగినదానికి, నాకు తెలిసినదే చెప్త. గంతే."

జగదీశ్‌కు అదే చాలనిపించింది. లేచి నన్ను వంటింట్లోకి లాక్కుపోయాడు.

"నువ్వు బయటికి రాకు. మాస్కు పెట్టుకున్నవ్ గద ఆ దినం, గుర్తుపట్టది గని, ఎందుకైన మంచిది."

తేలు కుట్టిన దొంగలా తలూపాను.

ఆ రోజు సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కింద హెడ్డాఫీసు నుంచి, కొత్తగా చేరిన ఎనిమిది మందితోనూ వీడియోలో ఐదు నిమిషాలు మాట్లాడతామని కబురొచ్చింది. సంతోషి అబద్ధమాడదు. అందుకని జగదీశ్ ఆమెకు, కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ వాళ్లు మనుషుల్ని తీసుకుంటున్నారట, పోయి అడుగు అని చెప్పి ఆటో ఎక్కించాడు. వాళ్లు తీసుకోరని ఆయనకు తెలుసు. ఇల్లు ఖాళీ కావాలి, అంతే. ఆమె మంచి డ్రెస్సు వేసుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని, వదినా, మొక్కుకో అని చెప్పి పోయింది.

అటకమీంచి ఆమె పాత చంకకర్రలు దించి నా పక్కన కనబడేలా ఆనించాడు జగదీశ్. గోదాంలో దుమ్ము అనే సాకుతో ముఖానికి మాస్కు పెట్టించాడు. ఆమె సర్టిఫికెట్ ఫొటోలో కూడా అందరి ఆడపిల్లల్లాగే నూనె రాసిన జడ, బొట్టు. ఎవరు పోల్చుకుంటారు? నేను సంతోషినయ్యాను. ఒక చెయ్యి కర్ర మీద వేసుకుని కూర్చున్నాను. ఆ కర్ర పట్టు దగ్గర ఆమె చెయ్యి ఒరిసి నున్నగా అయిన చోటు నా అరచేతికి తగిలింది. అప్పుడే లేచిపోవాల్సింది. లేవలేదు.

సాయంత్రం సంతోషి తిరిగొచ్చింది. గేటు దగ్గరి మనిషి ఆమె కాళ్ల వైపు చూసి ఫైలు కూడా తీసుకోలేదట. ఏడవలేదు. మంచినీళ్లు తాగి, గోడకు ఆనించిన పాత కర్రల్ని చూసి, ఇవెందుకు దించినవ్ వదినా అంది. బూజు దులిపిన అన్నాను.

కారు ఆగిన చప్పుడైంది.

వంటింటి కిటికీలోంచి చూశాను. ముందు ఒక నేత చీర ఆవిడ దిగింది. తర్వాత నెరిసిన పొట్టి జుట్టుతో ఒక పెద్దావిడ, ప్యాంటు వేసుకుంది. నడకలో తేడా ఉంది. ఒక కాలు కర్రలా ముందుకు పడుతోంది. అది పెట్టుడుకాలు.

గ్రానైటు మెట్ల దగ్గరికొచ్చి ఆవిడ ఆగింది. పట్టుకోవడానికి ఏమన్నా ఉందా అని అటూ ఇటూ చూసింది. ఏమీ లేదు. మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద పెట్టుడుకాలు జారింది. జగదీశ్ పైన నమస్కారం పెట్టి నిలబడి ఉన్నాడు, అందుకోలేకపోయాడు. వంటింటి తలుపు మెట్లకు రెండడుగులే. నా ఒళ్లు నా మాట వినలేదు. పరుగెత్తి ఆవిడను నడుం దగ్గర పట్టుకున్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. నాకు నవ్వడానికి ముఖం లేదు.

అందరూ కూర్చున్నారు. నేత చీర ఆవిడ పేరు నిర్మల, మాటలు తర్జుమా చేయడానికి సిటీ నుంచి వచ్చారు. గోదావరి వైపు యాస, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంది. లోపలికి పోబోతుంటే మార్టా గారు నన్ను కూడా కూర్చోమని సైగ చేసింది. జగదీశ్ కళ్లతో వద్దంటున్నాడు. అప్పటికే ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ మెట్లు రోజూ ఎలా దిగుతారు అని అడుగుతున్నారండీ," అన్నారు నిర్మల గారు సంతోషితో.

"కూసోని జరుగుకుంట దిగుత."

"మరి అక్కడి నుంచి పనికి ఎలా వెళతారు?"

"నేనే తీస్కపోత మేడం," అన్నాడు జగదీశ్. "నా బండి మీద. రోజు."

"ఆవిడ సంతోషి గారిని అడుగుతున్నారండీ."

సంతోషి ఒళ్లోని చేతుల వైపు చూసుకుంది. "నేను పోత అంటే అన్న తీస్కపోతడనే అనుకున్న," అంది.

నిర్మల గారు ఆ మాటను ఇంగ్లీషులోకి ఎట్లా మార్చారో మార్చారు. మార్టా గారు తల ఊపింది. మామ దగ్గాడు.

తర్వాత మార్టా గారు చాలాసేపు మాట్లాడింది. నిర్మల గారు ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చారు.

"నాకు మొదటి ఉద్యోగం మా చట్టం వల్లే వచ్చిందంటున్నారు. జరిమానా కట్టడం కంటే ఒక మనిషిని పెట్టుకోవడం చవక అనుకుని పెట్టుకున్నారట. మెట్ల కింద ఒక బల్ల వేసి ఆర్నెల్లు ఏ పనీ ఇవ్వలేదట. నన్ను లెక్క కోసం పెట్టుకున్నారు, పని కోసం నేను పోట్లాడాల్సి వచ్చింది అంటున్నారు. ఇప్పటికీ మా దగ్గర డబ్బు కట్టేసి చేతులు దులుపుకునే కంపెనీలు ఉన్నాయట. మీ దేశంలో ప్రైవేటు వాళ్లను ఏ చట్టమూ నిలదీయకపోయినా ఇక్కడ ఎనిమిది మందికి పని దొరికిందని విని చాలా సంతోషపడ్డారట. అక్కడ మీటింగుల్లో మీ గోదాం సంగతి చెబుతుంటారట."

జగదీశ్ అరచేతులు ప్యాంటుకు రుద్దుకుంటున్నాడు. సంతోషి మాత్రం ఆవిడ పెట్టుడుకాలి వైపు చూస్తోంది. ఆ చూపులో మొదటిసారి కోపం కాక మరొకటి కనిపించింది. మెట్ల కింద బల్ల దగ్గర ఆర్నెల్లు కూర్చోవడానికైనా ఆమె సిద్ధమే. ఆ మాత్రం కూడా మేం దొరకనివ్వలేదు.

"ముఖ్యంగా సంతోషి గారి మాట చెబుతుంటారట," అన్నారు నిర్మల గారు నవ్వుతూ.

"నా మాటా?" అంది సంతోషి.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే స్థితి నాది. ఇప్పుడు అననే అంటున్నారు.

"రెండేళ్ల కిందట వీడియోలో మాట్లాడారు కదా మీరు. మీకు ఇంట్లో ఎవరి అండ ఉంది అని అడిగితే మీరు చెప్పారట. మా వదిన నన్ను కన్నతల్లి లెక్క చూసుకుంటది, ఆమె లేకుంటే నేను లేను అని. చట్టాలు ఎన్ని ఉన్నా మా దేశంలో అలాంటి వదిన అందరికీ ఉండదు అని ఆవిడ చాలా మందికి చెప్పారట. ఆ వదిన ఈవిడేనా అని అడుగుతున్నారు."

మార్టా గారు నా చెయ్యి ఇంకా పట్టుకునే ఉంది.

అవును, అన్నాను ఆ మాట. ఆ ప్రశ్నకు జగదీశ్ జవాబు రాసివ్వలేదు. నోటికొచ్చింది చెప్పాను. ఆమె కర్రలు పక్కన పెట్టుకుని, ఆమె పేరు పెట్టుకుని, ఆమె నోటితో నన్ను నేనే పొగుడుకున్నాను. ఆ రాత్రి పడుకునేటప్పుడు దాన్ని తలుచుకుని నవ్వుకున్నాను కూడా. అంతకంటే నీచమైన పని నా బతుకులో మరొకటి లేదు.

సంతోషి నా వైపు తిరిగింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చూసింది. ఆ రోజు కొత్తూరు. ఆ ఫైలు. గోడకు ఆనించిన పాత కర్రలు. ఒక్కొక్కటీ ఆమె కళ్లలో కూడుకోవడం నాకు కనపడింది.

"అవునమ్మా," అంది నిర్మల గారితో. "ఈమెనే మా వదిన. మస్తు మంచిగ చూసుకుంటది. ఆ దినం నేను ఇంట్ల లేకుంటే, నా పాత కర్రలకు బూజు గుడ దులిపింది."

నిర్మల గారు ఆ చివరి మాట అర్థం కాక, అట్లాగే ఇంగ్లీషులో చెప్పేశారు. మార్టా గారు నా చెయ్యి మెచ్చుకోలుగా నొక్కింది. నాకు ఆ చెయ్యి నరికేసుకోవాలనిపించింది.

"కంపెనీ నుంచి మీకు ఏమైనా కావాలా అని అడుగుతున్నారండీ. మొహమాటపడకుండా చెప్పమంటున్నారు."

"కావాలె."

జగదీశ్ సగం లేచాడు. "చెల్లె, జర..."

"నాకు ఉద్యోగం కావాలని చెప్పుండ్రమ్మా," అంది సంతోషి. "ఇంటర్ పాసైన. కంప్యూటర్ వస్తది. మెట్ల కింద బల్లేసినా సరే, పనైతే చేస్త."

నిర్మల గారు తర్జుమా చేయలేదు. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"అదేమిటండీ? మీరు ఉద్యోగంలోనే ఉన్నారు కదా. రెండేళ్ల నుంచి."

"గది నాకు తెల్వదమ్మా. నాకు తెలిసినదే చెప్త అని మా అన్నకు మాటిచ్చిన." సంతోషి కర్ర ఎత్తి, మొనతో కాదు, పట్టుతో నా వైపు చూపించింది. "మీ మేడంతోని రెండేళ్ల కింద మాట్లాడినామెను అడుగుండ్రి. ఆమెకు అన్ని తెలుసు."

మార్టా గారు ఏమైందని నిర్మల గారిని అడుగుతోంది. నిర్మల గారు నన్ను చూస్తున్నారు. జగదీశ్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు, ఎవరికో నాకు తెలియలేదు. మామ కుర్చీలోంచి, "ఏం చెప్పకు అఖిలా," అన్నాడు నాతో గుసగుసగా. ఆ గదిలో గుసగుస కూడా అరుపంత వినపడింది.

నా చెయ్యి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి.

"చెప్పండి," అన్నారు నిర్మల గారు.

ఇదే గదిలో, ఇదే చోట కూర్చుని ఆ రోజు తడుముకోకుండా మాట్లాడాను. ఆ రోజు నా ముఖానికి మాస్కు ఉంది.